సరోజక్క సోఫా, మా సొంతిల్లు

మాకు సరైన ఇల్లు లేదని చూపించుకోవాల్సిన రోజున నేను రూమును ఎంత అందంగ సర్దిన్నంటే, రావాల్సిన ఇల్లు కూడా పోయేదాకా వచ్చింది. వినండి, నవ్వుకోండి. మా అమ్మ ముందు మాత్రం ఈ ముచ్చట ఎత్తకండి.

మేముండేది అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల గల్లీల, బిల్డింగు మీది రేకుల రూము. అమ్మ చిక్కడపల్లిల కర్రీ పాయింట్‌కు వంట చేస్తది. నేను జిరాక్స్ షాపుల డిజైనింగ్ చేస్త. ఎవరూ నేర్పలే, అంతా యూట్యూబే. కిరాయి రూములు మారి మారి పరేషాన్ అయి, తక్కువ ఆదాయమున్నోళ్ళకు వాయిదాల మీద ఇల్లు కట్టిచ్చే ఒక స్వచ్ఛంద సంస్థకు అప్లై చేసినం. కాగితాలన్నీ ఓకే. ఇక వాళ్ళ మేడం వచ్చి మేమెట్ల ఉంటున్నమో చూసుడే బాకీ.

'చూడ్డానికి వస్తున్నరు' అనంగనే నాకు పెళ్ళిచూపులంత హడావిడి మొదలైంది. ఉన్నది ఉన్నట్టు ఉంచమని అమ్మ చెప్తనే ఉంది. నేను వింటనా? గోడ నిండ చెమ్మ మరకలు. నారాయణగూడ పోయి ఇటుకల డిజైన్ స్టిక్కర్ తెచ్చి, వీడియో చూసుకుంట ఒక్క బుడగ లేకుండ అంటించిన. కింద నడుమెత్తు గోడకు స్టిక్కర్ సరిపోలే. అది కనబడకుండ కింది పోర్షన్ సరోజక్క సోఫా అడిగిన. పాపం, ఆమే, వాళ్ళాయనా మెట్ల మీదుగ మోసుకొచ్చిన్రు. సోఫా ఉండి టీవీ లేకుంటే ఏం బాగుంటదని, టీవీ కూడా.

సునంద మేడం వచ్చిన్రు. కాటన్ చీర, చేతిల హెల్మెట్. సోఫాల కూచొని చుట్టూ చూసి, "చాలా నీట్‌గా పెట్టుకున్నారమ్మా" అన్నరు. నేను పొంగిపోయిన. ఆమె ఫైలు మూసేసి, "ఇంతకన్నా ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ముందు వాళ్ళకు ఇవ్వాలి కదా" అన్నరు.

ఇవేవీ మావి కావు మేడం అన్న. ఇట్లాంటివి చానా విన్నట్టు మెల్లగ నవ్విన్రు. సోఫా జరుపుదమంటే మేడం అందుల్నే కూచున్నరు, అందుకే గోడ చూపిస్తనని స్టిక్కర్ మూల పట్టి గీకిన. ఊడదే! జన్మల ఒక్క పని పర్ఫెక్ట్‌గ చేసిన, అదీ ఇదే. గోరు విరిగింది గానీ ఇటుక కదల్లే. స్టవ్ దగ్గర నుంచి అమ్మ చూసిన చూపు ఇంకా మర్చిపోలే.

అప్పుడే సరోజక్క తలుపుల నిలబడ్డది.

"ఏమనుకోకు చెల్లె, మా ఆడపడుచోళ్ళు చెప్పకుండ దిగిన్రు. కూచోపెట్టనీకి ఏం లేదు. జర సోఫా తీస్కపోత."

వాళ్ళాయన ఇంట్ల లేడు. నేను పట్టబోతుంటే సునంద మేడమే లేచి, కొంగు దోపి సోఫా ఒక కొస పట్టుకున్నరు. వద్దు మేడం అంటే, "సైట్లో సిమెంటు బస్తాలు మోస్తాను, ఇదెంత?" అన్నరు.

సోఫా జరిగింది. వెనక గోడంత నల్లగ చెమ్మ, మూలకు ఒక చిన్న పుట్టగొడుగు. పుట్టగొడుగును చూసి ఏడుపొచ్చేంత సంతోషపడ్డది లోకంల నేనొక్కదాన్నేనేమో!

సోఫా కింద దించి, మేడం మళ్ళ పైకొచ్చిన్రు. అమ్మ పరిచిన చాప మీద కూచొని చాయ్ తాగిన్రు. నన్ను ఒక్క మాట అనలే. మూసిన ఫైలు తెరిచిన్రు.

"ఇల్లు కట్టేటప్పుడు మీరూ వచ్చి పనిచెయ్యాలి. సాయానికి ఎవరైనా ఉన్నారా అని అడగాలి. సోఫా పైకెక్కించినవాళ్ళు ఉన్నారుగా, ఇంక అడగను."

పెద్ద మనసంటే ఏందో ఆ రోజు చూసిన.

ఇల్లు ఓకే అయింది. ఆదివారాలు అమ్మ, నేను, సరోజక్క సైట్ల ఇటుకలు అందిస్తున్నం, అసలు ఇటుకలు. ఇక్కడేమో ఓనరంకుల్, ఖాళీ చేసే ముందు గోడ ఎట్లుండెనో అట్ల చేసి పొమ్మన్నడు. షాపు నుంచి రాంగనే గీకుడే పని. అక్కడ గోడలు లేస్తున్నయి, ఇక్కడ ఒక్క ఇటుక ఊడ్తలేదు. దీనికన్నా ఇల్లు కట్టుడే అల్కగున్నది.