నలభై సెల్లులు ఎందుకంట?

ఆ ఆఫీసులో స్టోరు చూసుకునే ఆయన్ని అందరూ మావయ్య అనే పిలుస్తారు. వెనకమాల మాత్రం కత్తెర మావయ్య. పది పెన్నులు అడిగితే ఆరు ఇస్తాడు, ఆరు అడిగితే నాలుగు. కుర్చీ విరిగిందని చెప్తే ముందు తనే అందులో కూర్చుని అటూ ఇటూ ఊగి, "ఇంకో ఏడాది మోస్తుందిలే" అంటాడు. చదివింది ఏడో తరగతి. ఇరవై రెండేళ్ళుగా ఆ గది తాళాలు ఆయన నడుముకే వేలాడుతున్నాయి. అడిగినదాంట్లో కొంచెమైనా కొయ్యకపోతే ఆయనకి తిన్నది అరగదు.

ఆ ఆఫీసుకి కొత్తగా ఒకమ్మాయి వచ్చింది. పుట్టుకతోనే చూపు లేదు. కంప్యూటర్లకి ప్రోగ్రాములు రాస్తుంది. ఆ రాతని కోడ్ అంటారు కదా, "కోడ్ రాసేది కోడలు కాక ఇంకేమవుద్ది?" అని మావయ్యే పేరు పెట్టాడు. అది అతుక్కుపోయింది. ఆ పిల్ల కూడా పకపకా నవ్వి, "అయితే మీరు నాకు సొంత మావయ్యే" అంది. మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామని చెప్పి తీసుకున్నారు ఆమెని.

వచ్చిన వారంలోనే టీమ్ మేడమ్ దగ్గర్నుంచి స్టోరుకి చీటీ వచ్చింది. బ్రెయిలీ డిస్‌ప్లే ఒకటి, నలభై సెల్లులది. బ్రెయిలీ అంటే వేలితో తడిమి చదివే చుక్కల అక్షరాలని మావయ్యకి తెలుసు. నలభై సెల్లుల దగ్గరే ఆగిపోయాడు.

"టార్చికి మూడు, రేడియోకి రెండు, గోడ గడియారానికి ఒకటి. నలభై సెల్లులెందుకంట? లారీ తోలుద్దా?"

షాపుకి ఫోన్ చేశాడు. అవతలి మనిషి మర్యాదగానే, "నలభైది ఉందండీ. పద్నాలుగు సెల్లులది చిన్నది కూడా ఉంది. వాడేది ఎవరండీ? ఒకసారి తీసుకొస్తే వాళ్ళే తడిమి చూసుకుంటారు" అన్నాడు.

"ఆ అమ్మాయిని ఇంత దూరం తిప్పడం ఎందుకయ్యా, నేను చెప్తున్నాగా. పద్నాలుగు చాలు. అయిపోతే మళ్ళీ వేసుకుంటుంది."

చీటీ మీద నలభై కొట్టేసి పద్నాలుగు రాసి, కింద సంతకం గిలికాడు. ఆ పూట ఆయనకి తిన్నది ఇట్టే అరిగిపోయింది.

రెండు వారాలకి మిషను వచ్చింది. మావయ్య స్వయంగా మోసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టాడు. పక్కన టార్చి సెల్లుల ప్యాకెట్టు కూడా పెట్టి, "పద్నాలుగూ అయిపోతే అడుగు కోడలా, మొహమాటపడకు" అన్నాడు.

ఆమె నవ్వింది. "భలే జోకులేస్తారు మావయ్యా" అంది. తర్వాత మిషను మీద ఈ చివర్నుంచి ఆ చివరి దాకా చెయ్యి పోనిచ్చింది. చెయ్యి తొందరగానే ఆగిపోయింది.

"చిన్నగా ఉందే?"

"చిన్నదైతే మొయ్యడం తేలిక కదమ్మా."

"సరే మావయ్యా. థాంక్స్." ప్యాకెట్టు తీసి సొరుగులో పెట్టుకుంది.

రెండు నెలలు గడిచాయి. టీ తాగే చోట ఆమె మాట వచ్చింది. పని తప్పుల్లేకుండా చేస్తుంది గానీ బాగా నిదానం అన్నారు ఎవరో. మావయ్య కప్పులో బిస్కెట్ ముంచుకుంటూ, "పాపం, కళ్ళు లేని పిల్ల ఎంతని చేస్తుందిలే" అన్నాడు. జాలిపడ్డానని ఆయన లెక్క. తర్వాత రోజుల్లో ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆయన నాలుక కరుచుకునేవాడు.

ఒకరోజు ఆమె సొరుగు బిగుసుకుపోయిందంటే బాగుచెయ్యడానికి వెళ్ళాడు. నేల మీద చతికిలబడి స్క్రూలు విప్పుతుంటే పైన టక్కు టక్కు మని ఒకటే చప్పుడు.

"ఏంటమ్మా అది? వడ్రంగిపిట్ట దూరిందా?"

"నేనే మావయ్యా. లైను ముందుకి జరుపుతున్నా."

"చెవిలో కంప్యూటర్ గొంతు చదివి పెడుతుందిగా, ఇంక ఇది దేనికి?"

"గొంతుతో కథ తెలుస్తుంది. కోడ్‌లో ఒక్క చుక్క తప్పినా, ఒక్క ఖాళీ ఎక్కువైనా మొత్తం బోల్తా. అది వేలికే తెలుస్తుంది. మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

ఆయన వేలు పట్టుకుని మిషను మీద పెట్టింది. సన్నటి ముళ్ళలాంటివి పైకి లేచి ఉన్నాయి. "ఈ గది ఒక అక్షరం. ఈ పక్క గది ఇంకోటి. ఇలా పద్నాలుగు గదులు. నా లైన్లు ఎనభై అక్షరాలుంటాయి. అంటే ఒక్క లైనుకి ఆరుసార్లు నొక్కాలి. ఆరోది చదివేసరికి మొదటిది మర్చిపోతా, మళ్ళీ వెనక్కి. ఈ గదుల్నే సెల్లులంటారు మావయ్యా. ఇంతకుముందు మూడు రకాలు వాడి చూసుకునే నలభైది అడిగా. ఆఫీసుకి కుదర్లేదేమోలే."

మావయ్య వేలు ఆ ముళ్ళ మీదే ఉండిపోయింది. చిన్న ముళ్ళే, కాలిపోతున్నట్టున్నాయి.

"మళ్ళీ అడక్కపోయావా తల్లీ?"

"పాత చోట ఎక్కువ అడుగుతావన్నారు. ఇక్కడ ఆ పేరు వద్దనుకున్నా."

స్టోరుకొచ్చి తలుపేసుకున్నాడు. అట్టముక్కకి పద్నాలుగు అక్షరాలు కనపడేంత బెజ్జం కోసి, పేపరు మీద పెట్టి చదవబోయాడు. రెండో లైనుకే తల తిరిగింది. తర్వాత ఫైలు తీశాడు. చీటీ ఉంది. కొట్టేసిన నలభై ఉంది. కింద తన సంతకం, కొసన వయ్యారంగా ఒక తోక. చించేస్తే ఎవరికీ తెలీదు. చించడానికి రెండు చేతులూ వేశాడు కూడా. ఏమనిపించిందో, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లో భార్యకి చెప్పాడు. ఆవిడ కూర కలుపుతున్న గరిటె ఆపి మరీ అంది. "జుట్టు కత్తిరించేవాడు కూడా ఎంత తియ్యమంటారని అడిగి తీస్తాడండీ. మీరు అడిగారా?"

"నాకేం తెలుసే, సెల్లంటే సెల్లనుకున్నా."

"తెలీకపోవడం తప్పు కాదు. అడక్కపోవడం తప్పు. ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభం? ఆ పిల్లకి చెప్పండి."

మర్నాడు ఆమెని ఉంచాలా పంపాలా అని తేల్చే మీటింగు. పెద్ద సారు, టీమ్ మేడమ్, ఆ అమ్మాయి కూర్చున్నారు. మావయ్య పిలవని పేరంటానికి వచ్చినట్టు లోపలికెళ్ళి చీటీ బల్ల మీద పెట్టాడు.

"నిదానం ఆమెది కాదు సార్. నాది. నలభై అడిగితే పద్నాలుగు చేసింది నేనే. సెల్లులంటే టార్చిలో వేసేవనుకున్నా."

పెద్ద సారు చీటీ చూశాడు. ముందు ఆపుకున్నాడు గానీ తర్వాత పడీ పడీ నవ్వాడు. మేడమ్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తిడతారని గుండె రాయి చేసుకుని వచ్చిన మనిషికి ఆ నవ్వు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. నవ్వనిది ఒక్క ఆ అమ్మాయే.

"అయితే ఆ రోజు ప్యాకెట్టు... జోక్ కాదా మావయ్యా?"

"కాదమ్మా."

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వులు ఆగిపోయాయి. నలభైది తెప్పించి, దాంతో ఇంకో మూడు నెలలు చూద్దామని పెద్ద సారు చెప్పాడు.

మధ్యాహ్నం మావయ్య కొత్త చీటీ పట్టుకుని ఆమె దగ్గరికెళ్ళాడు. "నువ్వు చెప్పు, నేను రాస్తా. రాసింది చదువుతా. తప్పుంటే దిద్దు." ఆమె మిషను పేరు, మోడలు, నలభై, అన్నీ చెప్పింది. ఆయన అక్షరం అక్షరం తిరిగి చదివాడు. మధ్యలో కోడలా అనబోయి, నోరు రాక, "సరిగ్గా ఉందామ్మా?" అన్నాడు.

"ఉంది." సొరుగు లాగి టార్చి సెల్లుల ప్యాకెట్టు తీసి ఆయన చేతిలో పెట్టింది. సీలు కూడా విప్పలేదు. "ఇది స్టోరుకి వాపసు. ముట్టినట్టు సంతకం పెట్టివ్వండి."

మావయ్య సంతకం పెట్టాడు. ఈసారి తోక గియ్యలేదు.