చప్పిడి కూరలు తినే ఇంట్లో సెలైన్ సీసా

కరోనా హడావుడి సద్దుమణిగిన ఏడాది, 2022 శీతాకాలం. తణుకుకు కాస్త దూరంలో, కాలవ గట్టునున్న ఒక ఊరి హైస్కూలుకు నన్ను పంపారు. అప్పటికే నేను ప్రభుత్వాసుపత్రుల్లో పాతికేళ్ళకు పైగా పనిచేసి హెడ్ నర్సునయ్యాను. పదో తరగతి పిల్లలకు వైద్యరంగంలో ఏమేం ఉద్యోగాలుంటాయో, ఒంటి గురించి ముందుగా తెలుసుకోవలసిన సంగతులేమిటో చెప్పి రావాలి. నేను వాగుడుకాయనని మా సూపరింటెండెంటు గారికి గట్టి నమ్మకం. అందుకే ఇలాంటివన్నీ నా నెత్తిన పడుతుంటాయి.

ఆసుపత్రిలో ఎవరెవరు పనిచేస్తారని అడిగితే "డాక్టరు, నర్సు" అని ఆగిపోయారు. మిగతావాళ్ళను నేను చెప్పుకుంటూ పోయాను. రక్తం, మూత్రం పరీక్షించే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే తీసే రేడియోగ్రాఫర్, కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళ రక్తాన్ని యంత్రంతో శుభ్రం చేసే డయాలసిస్ టెక్నీషియన్, పక్షవాతం వచ్చినవాళ్ళను నడిపించే ఫిజియోథెరపిస్టు, 108 బండిలో రోగి పక్కనే కూర్చునే ఈఎంటీ. తర్వాత ఎవరి నాడి వాళ్ళను పట్టుకోమన్నాను. ఒకమ్మాయి మణికట్టంతా తడుముకుని, "నాకు లేదండి మేడమ్" అంది. "లేకపోతే నువ్విలా కూర్చుని మాట్లాడవు తల్లీ, ఇంకాస్త బొటనవేలి వైపు వెతుకు" అన్నాను. క్లాసు గొల్లుమంది. అంతవరకు సరదాగానే గడిచింది.

నర్సింగు పిల్లలు సూదులు వెయ్యడం నేర్చుకునే రబ్బరు చెయ్యి ఒకటుంటుంది. లోపల నరాల్లా గొట్టాలు, వాటిలో ఎర్ర నీళ్ళు. దాన్ని, దానితో వాడే సామానునూ బల్ల మీద పెట్టి, ఎవరైనా వచ్చి ముట్టుకు చూడండన్నాను. వెనక బెంచీలోంచి రెండు జడల పిల్లనొకదాన్ని అందరూ ముందుకు తోశారు. పేరు సత్యశ్రీ అంది, సిగ్గుపడుతూ.

బల్ల దగ్గరికి రాగానే ఆ సిగ్గు ఎటు పోయిందో! నరం ఉబ్బడానికి కట్టే రబ్బరు పట్టీ బిగించింది. వేలితో నరం ఎక్కడుందో చూసుకుంది. స్పిరిటు దూదితో తుడిచింది. క్యాన్యులా అంటే నరంలో ఉంచేసే సన్నటి ప్లాస్టిక్ గొట్టం. దాన్ని తీసుకుని ఒక్క పోటులో నరంలోకి దింపేసింది. ఎర్ర నీళ్ళు వెనక్కి చిమ్మగానే పట్టీ వదులు చేసింది. సెలైన్ గొట్టంలో గాలి బుడగలు పోయేదాకా వేలితో తట్టి, అప్పుడు తగిలించింది. మా దగ్గర చేరే కొత్త నర్సులకు ఆ పని పట్టుబడడానికి వారాలు పడుతుంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

"మా ఊరి డాక్టరు గారండి. మా నాన్నకి పెడుతుంటే చూసి నేర్చుకున్నానండి. ఆయనకి ఖాళీ ఉండట్లేదని ఇప్పుడు నేనే పెట్టేస్తున్నానండి."

ఆ డాక్టరు గారు వైద్యం చదివినవారు కాదనీ, సంచీ తగిలించుకుని ఇంటింటికీ తిరిగే ఆర్ఎంపీ అనీ తర్వాత తెలిసింది. ఈలోగా పిల్లలు అందుకున్నారు. "మా మామ్మకీ తనే పెట్టిందండి." "వాళ్ళ వీధిలో అందరికీ తనేనండి." వాళ్ళ గొంతుల్లో ఎంత గర్వమో! ఆపమన్నట్టు సైన్సు టీచరు సూర్యకుమారి గారి వైపు చూశాను. ఆవిడ ఇంకా మురిసిపోతూ, "దసరా సెలవుల్లో నీరసంగా ఉంటే నాక్కూడా పెట్టిందండి. ఎంత తేలిక చెయ్యనుకున్నారు! చీమ కుట్టినట్టయినా లేదు" అన్నారు.

పిల్లలకు పాఠాలు చెప్పే సైన్సు టీచరు, తన దగ్గర చదువుకునే పదో తరగతి పిల్ల చేత సెలైన్ పెట్టించుకున్నారట! ఉద్యోగాల సంగతి పక్కనపెట్టి, "అసలు సెలైన్ అంటే ఏంటో చెప్పండి" అని అడిగాను. బలం మందు అన్నారొకరు. గ్లూకోజు అన్నారింకొకరు. టానిక్కు అన్నారు మరొకరు.

"ఉప్పునీళ్ళు" అన్నాను. "శుభ్రమైన నీళ్ళలో కొలిచి కలిపిన ఉప్పు. వాంతులు, విరేచనాలు అయి ఒంట్లో నీరు పోయినవాడికి అది ప్రాణం పోస్తుంది. గుండె నీరసించినవాడికి అదే ప్రాణం తీస్తుంది. కాలవకి పట్టనన్ని నీళ్ళు వదిలితే ఏమవుతుంది? గట్టు తెగి చేలో పడతాయి. ఇక్కడా అంతే. గుండె తోడలేని నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. కాళ్ళు వాస్తాయి. పడుకుంటే ఆయాసం వస్తుంది, లేచి కూర్చుంటే కాస్త నయంగా ఉంటుంది."

మాట పూర్తవుతుండగా సత్యశ్రీ మొహం చూశాను. రక్తం తోడేసినట్టు పాలిపోయింది.

"మేడమ్, కాళ్ళు వాచి, రాత్రంతా కుర్చీలోనే కూర్చుంటే... అది నీరసం కాదాండీ?"

"ఎవరికమ్మా?"

"మా నాన్నకండి. వేసవిలో గుండెపోటొచ్చిందండి. రాజమండ్రిలో చూపించామండి. నాలుగు రోజుల నుంచీ మరీ నీరసంగా ఉందంటే రోజూ పెడుతున్నానండి. ఇవాళ కూడా పొద్దున్నే పెట్టి వచ్చానండి."

"ఇప్పుడు ఎక్కుతోందా?"

తల ఊపింది.

సూర్యకుమారి గారి ఫోనులోంచి సత్యశ్రీ వాళ్ళింటికి చేయించాను. వాళ్ళమ్మ ఎత్తింది. నేనెవరో చెప్పి, గొట్టానికున్న చక్రం కిందికి తిప్పి సెలైన్ ఆపెయ్యమన్నాను.

"ఎందుకండీ ఆపడం? ఇది అయిపోవచ్చింది. రెండో బాటిల్ కూడా అమ్మాయి తీసి ఉంచింది, నేను మార్చేస్తాను" అంది తాపీగా.

"మార్చకండమ్మా! ముందు ఆపండి!"

"మా అమ్మాయి చెప్పకుండా నేను ముట్టుకోనండి. ఆ లెక్కలన్నీ దానికే తెలుసు."

సత్యశ్రీ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "అమ్మా, ఆపెయ్యవే! చక్రం కిందికి తోసెయ్! నాన్నని లేపి కూర్చోబెట్టు!" అని అరిచింది. ఆ అరుపుకు పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీల దగ్గరికి వచ్చేశారు. 108కి ఫోన్ చేసి, ఆ పిల్లను వెనక ఎక్కించుకుని సూర్యకుమారి గారి స్కూటీ తీశాను. ఇల్లు వంతెన దాటితే వచ్చేస్తుంది. దారంతా ఆ పిల్ల నా వెనక ఒకటే మాట గొణుగుతోంది, "పొద్దున నవ్వారండి, నాతో నవ్వి మాట్లాడారండి" అని.

ఇంట్లో అడుగుపెట్టేసరికి సెలైనయితే ఆగింది గానీ మనిషి ఇంకా మంచం మీద వెల్లకిలానే ఉన్నాడు. తలకింద దిండు కూడా లేదు. కదిలితే నరం తప్పుకుంటుందని ఆర్ఎంపీ ఎప్పుడో చెప్పాడట, అప్పట్నుంచీ అదే పద్ధతి. రాత్రంతా పడుకోలేక కుర్చీలో కూర్చున్న మనిషిని పొద్దున్నే పడుకోబెట్టి మరీ ఉప్పునీళ్ళు ఎక్కించారు! పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఊపిరి తీస్తుంటే గొంతులో గురగుర, నోటి వెంట నురగ. ఆయన్ని లేపడానికి భార్యకు బలం చాలక, చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. నేనూ సత్యశ్రీ చెరో వైపు పట్టి లేపి, కాళ్ళు మంచం కిందికి వేలాడదీసి, వీపుకు ఆనుగా నిలబడ్డాం. నా సంచీలో ఉన్న పల్స్ ఆక్సీమీటరు, అంటే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే క్లిప్పు, వేలికి పెట్టాను. అందులో కనిపించిన అంకె ఆ పిల్లకు కనబడకుండా అరచేతితో కప్పేశాను.

బండి వచ్చింది. ఆక్సిజన్ పెట్టుకుని మా ఆసుపత్రికే తీసుకొచ్చాం. డ్యూటీ డాక్టరు గారు లాసిక్స్ ఇంజెక్షన్ చేశారు. ఒంట్లో పట్టిన నీటిని మూత్రంగా బయటకు లాగే మందు అది. సాయంత్రానికి గురగుర తగ్గింది. ఆయన కళ్ళు తెరిచి, మంచి నీళ్ళిమ్మని సైగ చేశాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న నేను వరండాలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. ఏళ్ళ తరబడి చావులు చూసిన మనిషిని, నాకే వింతగా అనిపించింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఇంట్లో ఏం మందులు వాడుతున్నారని భార్యను అడిగాను. నీరు పోవడానికి రాజమండ్రిలో ఇచ్చిన మాత్ర ఆయనే మానేశాడట. చెరువు గట్టు మీద రొయ్యలకు మేత చల్లుతుంటే మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాల్సొస్తోందనీ, నీరసం వస్తోందనీ. ఆ నీరసానికే సెలైన్లు. ఆవిడ కళ్ళొత్తుకుంటూ, "నా వైపు నుంచి ఏ లోటూ చెయ్యలేదండి. ఉప్పు ముట్టుకోవద్దన్నారని అన్నీ చప్పిడి కూరలే వండుతున్నాను. ఆయన కంటపడితే అడుగుతారని ఆవకాయ జాడీ మా చెల్లెలింటికి పంపించేశానండి" అంది.

చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పాను. "అమ్మా, ఆ అరలీటరు సీసాలో ముప్పాతిక చెంచా ఉప్పుంటుంది."

ఆవిడ నా మొహంలోకి చూస్తూనే గోడకు జారగిలబడి కింద కూర్చుండిపోయింది. భర్త కంచంలో ఆవకాయ ముక్క పడనివ్వని ఇల్లాలు, రోజూ దగ్గరుండి సీసా వేలాడదీయడానికి మేకు చూపించింది. ఆ ఇంట్లో ఆయన్ని ప్రేమించనివాళ్ళు ఒక్కరూ లేరు. అది తల్చుకుంటే నాకిప్పటికీ కంగారుగా ఉంటుంది.

సత్యశ్రీ మొదటి రెండు రోజులూ మేం తండ్రికి ఇంజెక్షన్ చెయ్యడానికి వెళితే గది బయటకు పోయి నిలబడేది. మూడో రోజు నా దగ్గరికొచ్చి, "నాన్నని నేనే చంపేసేదాన్ని కదండీ" అంది. కాదని బుజ్జగించబుద్ధి కాలేదు, అవుననీ అనలేకపోయాను. "నీ చెయ్యి మంచిది. సూది ఎలా గుచ్చాలో నేర్పినవాళ్ళు ఎవరికి గుచ్చకూడదో నేర్పలేదు. చదువంటే ఆ రెండోదే" అన్నాను. అర్థమైందో లేదో, కళ్ళు మాత్రం తుడుచుకుంది.

డిశ్చార్జికి ముందు రోజు వాళ్ళ వీధిలో ఆవిడ ఒకరు బత్తాయిలు పట్టుకుని చూడ్డానికొచ్చారు. రోగిని పలకరించి, బుగ్గలు నొక్కుకుని, లేస్తూ లేస్తూ సత్యశ్రీతో అన్నారు: "రేపు ఇంటికి రాగానే ఓసారి మా ఇంటికి రావే సత్యా. మా అత్తగారికి ఒకటే నీరసంగా ఉంది, ఒక బాటిల్ పెట్టి వెళ్దువుగాని."

చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషి మంచం పక్కన నిలబడి ఆ మాట అంటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు విప్పేలోగానే ఆ పిల్ల అంది:

"ఆసుపత్రికి తీసుకెళ్ళండి పిన్నీ."

"ఇంత దానికి ఆసుపత్రి ఎందుకే, నువ్వున్నావు కదా!"

"నేనున్నాననే పిన్నీ, మా నాన్నని ఇన్నాళ్ళూ ఇక్కడికి తీసుకురానిది."

ఆవిడ పళ్ళు అక్కడ పెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళత్తగారిని మర్నాడు మా ఓపీలో చూశాను. ఆవిడకున్నది రక్తహీనత, దానికి సెలైన్‌తో పనేలేదు.

ఇప్పటికీ స్కూళ్ళకు వెళ్తున్నాను. బోర్డు మీద ఉద్యోగాల పేర్లు రాయకముందే పిల్లల్ని ఒక మాట అడుగుతాను, మీ వీధిలో సెలైన్ ఎవరు పెడతారని. ఏదో ఒక పేరు చెప్పని స్కూలు ఇంతవరకు నాకు తగల్లేదు.