ఒక్కతీరు చప్పుడు కోసం కరీంనగర్ దాకా

శ్రీరాంపూర్‌లో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒక గోడకు నా కంప్యూటర్, ఎదుటి గోడకు మా అక్క రూతు మంచం. అక్క మంచిర్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. నేను సాయంత్రాలు కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను కాబట్టి గేములు ఆడేదీ పగలే. ఆట మొదలవగానే పాత గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను గోల పెడుతుంది, అక్క లేచి కూర్చుంటుంది. విసిగిపోయి, ఆసుపత్రి పక్కన హాస్టల్లో మంచం కూడా మాట్లాడుకుని వచ్చింది. కొత్త కార్డు కొంటానంటే ఒకటే మాట అంది.

"నేను గూడ వస్త. నా చెవులకు నచ్చితెనే కొను. లేకుంటె సోమారం నుంచి హాస్టలే."

శనివారం పొద్దున డ్యూటీ దిగిన అక్కను మంచిర్యాల బస్టాండులో కలిశాను. కంప్యూటర్ క్యాబినెట్‌ను దుప్పటిలో చుట్టి వెంట తెచ్చాను. కార్డు చప్పుడు అది కూర్చునే డబ్బాను బట్టి మారుతుంది కాబట్టి, మీరూ వెళ్తే మీ డబ్బాతోనే వెళ్లండి. ఎనిమిదింపావు ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి అక్కకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, నాకు మామూలు టికెట్.

"గిదేంది తమ్మీ, టీవీనా?" అంది కండక్టర్.

"కంప్యూటర్ అక్కా."

"ఒళ్లె పెట్టుకో. తొవ్వల పెడితె ఎవలన్న తంతరు."

ఒళ్లో పెట్టుకున్నాను. అక్క దాని మీద తల వాల్చి, ఊరు దాటకముందే నిద్రపోయింది. వెనుక సీట్లో ఎవరిదో ఫోను, ముందు డ్రైవర్ హారను. అయినా కరీంనగర్ వచ్చేదాకా అక్క కదల్లేదు.

బస్టాండు బయట ఇడ్లీ తిని, ఆటోలో సాదిక్ భాయ్ కంప్యూటర్ దుకాణానికి చేరేసరికి పదకొండు. ఫోన్లో ముందే మాట్లాడి ఉంచాను.

"అందరు సెకనుకు ఫ్రేములు ఎన్నొస్తయని అడుగుతరు. సప్పుడు ఇననీకి వచ్చినోళ్లు మీరే ఫస్టు," అని నవ్వాడు.

నేను రాసుకొచ్చిన జాబితాలో మొదటిది ఒకే ఫ్యాను ఉన్న పొట్టి కార్డు. ఎనిమిది జీబీ మెమరీ, మూడేళ్ల వారంటీ, నా పాత పవర్ సప్లయి సరిపోతుంది. బిగించి గేము పెట్టాం. అక్క బెంచీ మీద కళ్లు మూసుకుంది. నిజానికి పాతదానికంటే చప్పుడు చాలా తక్కువ. అయినా నిమిషం లోపే కళ్లు తెరిచి, "గిది వద్దు," అంది.

నాకు ఒళ్లు మండింది. "బస్సుల హారన్ కొడ్తె లేవలే, గీ చిన్న ఫ్యానుకు లేస్తవా?"

"హారన్‌తోని నాకేం పనిరా? వార్డుల మెషిన్ సప్పుడు మారిందంటె పేషెంట్‌కు ఏమో అయినట్టు. పెరిగినా, తగ్గినా నిద్రల్నే కాళ్లు కిందికి దిగుతయి. నీ డబ్బ ఊకె పెరుగుడు, తగ్గుడు."

ఇన్నాళ్లూ నేను తక్కువ చప్పుడు కోసం వెతికాను. కావలసింది మారని చప్పుడు. దానికి మార్గం ఉంది: ఫ్యానును ఒకే వేగానికి కట్టేయడం, తెర మీద సెకనుకు మారే బొమ్మలు, అంటే ఫ్రేములు, అరవై దాటకుండా ఆపడం. అలా చేస్తే పొట్టి కార్డు చల్లబడలేక వేడెక్కుతూనే పోయింది. అప్పుడు జాబితాలో తర్వాతిది తీయించాను. ఒక తరం పాత మోడలే అయినా కొత్త పీసు, రెండు ఫ్యాన్లు, లోపల వేడిని లాగే లోహపు దిమ్మ పెద్దది. పొడవు నా డబ్బాకు సరిగ్గా సరిపోయింది. అరగంట గేము నడిచినా వేడి డెబ్బై డిగ్రీల దగ్గరే నిలిచింది.

"అక్కా, గిదెట్లున్నది?"

అక్క అప్పటికే నోరు కొంచెం తెరిచి, బెంచీ మీద ఒరిగి నిద్రపోయింది. మౌస్ కోసం ఒకాయన వచ్చి గట్టిగా ధర అడిగితే సాదిక్ భాయ్ వేలు పెదాల మీద పెట్టాడు. "జర మెల్లగ అన్నా. టెస్టింగ్ నడుస్తుంది."

బిల్లు రాయించి, చివరికి కంప్యూటర్ ఆపాను. ఫ్యాన్లు నిలిచిన మరుక్షణం అక్క దిగ్గున లేచి కూర్చుంది.

"ఏమైంది?"

"ఏం గాలేదక్కా, ఆపిన."

"ఫికర్ జెయ్యకమ్మా, పేషెంట్ మంచిగనె ఉన్నడు," అన్నాడు సాదిక్ భాయ్.

పక్కనే భోజనం చేసి మూడు గంటల బస్సెక్కాం. ఈ ధరలో ఇంతకంటే ఎక్కువ ఫ్రేములిచ్చే కార్డు నేను వదిలేసి వచ్చిన మాట నిజం. అయినా బరువైన డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నాకు లోటేమీ అనిపించలేదు. కార్డు కొనబోయేవారు పవర్ సప్లయి చూసుకోండి, పొడవు కొలుచుకోండి. ఆ గదిలో ఇంకెవరైనా పడుకుంటే వాళ్లనూ వెంట తీసుకుపోండి.

గోదావరి వంతెన మీద అక్క హాస్టల్‌కు ఫోన్ చేసింది. "నాకు మంచం వద్దు మేడం, వేరేటోళ్లకు ఇయ్యుండ్రి." ఫోను సంచిలో వేసి నా వైపు తిరిగింది. "ఇగ నీ ఆట అయిపోయినా సరే, నేను లేసేదాక గా డబ్బను ఆపకు."