అన్నీ పచ్చే

ఇంటికి రంగు వేయిద్దామని అంగడికి వెళితే, ఒక్క పచ్చకే నలభై పేర్లున్న పుస్తకం చేతిలో పెట్టారు. మనిషిని ఇంత ఇబ్బంది పెట్టనక్కర్లేదు.

కర్నూలులో డిగ్రీ చదివేటప్పుడు నా గదిలో ఉన్న కోడుమూరు మిత్రుడికి ఒక్క పచ్చే చాలేది. అరటాకూ పచ్చ, అరటిపండూ పచ్చ. తెలుగులో రెండూ పచ్చే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒకసారి నా ఎర్ర చొక్కానూ పచ్చ అన్నాడు. తప్పు నా ఉతుకుడుదే అనుకున్నాను.

వాడికి పైలెట్ కావాలని ఆశ. ఇంటర్లో లెక్కలు, ఫిజిక్సు ఉన్నాయి. రెండు వందల గంటలు విమానం నడపాలని, రేడియోలో ఇంగ్లీషు మాట్లాడాలని నాకు రోజూ చెప్పేవాడు. నేను అప్పటికి సైకిలు కూడా సరిగ్గా తొక్కలేను.

అన్నిటికన్నా ముందు వైద్య పరీక్ష. బెంగళూరులో డాక్టరు రంగుచుక్కల పుస్తకం తెరిచి, చుక్కల్లో దాగిన అంకె చదవమన్నాడట. వీడికి చుక్కలే కనిపించాయి.

తిరిగొచ్చేసరికి వాళ్ళ నాయన సెనక్కాయల మూటతో మా గదిలో కూర్చుని ఉన్నాడు.

"ఏమాయరా?"

"నాకు ఎరుపూ పచ్చా తేడా తెలీదంట నాయనా. పైలెట్ పనికి పనికిరానంట" అన్నాడు వాడు, చెప్పులు విప్పకుండానే.

పెద్దాయన శానాసేపు కిటికీలోంచి పైకి చూసి, నావైపు తిరిగాడు.

"ఏమప్పా, నువ్వన్నా చెప్పు. ఆకాశంలో పచ్చ యాడుండాది?"