మస్టరులో లేని గుంట

నా చిన్నప్పుడు నేను బడిలో నేర్చుకున్నది తక్కువ, తిన్న దెబ్బలు ఎక్కువ. ఎనభైల్లో సంగతి. మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీల్లో మా ఇంటిల్లిపాదీ కూలీలు.

ఒకరోజు సైన్సు సారు, చంద్రుడికి అవతలి పక్క, భూమ్మీద నుంచి ఎప్పటికీ కనపడని వైపున, ఒక గుంటకి చనిపోయిన శాస్త్రవేత్త పేరు పెట్టారని చెప్పాడు. "అందులో పడ్డోళ్ళు అడ్రసు చెప్పుకోడానికా సార్?" అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు బెత్తం తీశాడు.

సాయంత్రం ఆ జోకే మా పిన్నికి చెప్పాను. అంతకుముందు ఎండాకాలంలోనే మా బాబాయి, తాను పదేళ్ళు తవ్విన గుంటలోనే, రాతిపలక జారి మీదపడి పోయాడు. దినాలైన వారానికే యజమాని ఆ గుంట అంచున రేకు బోర్డు పాతించాడు. దానిమీద ఇంకా పాలు తాగుతున్న తన మనవడి పేరు రాయించాడు.

"ఆ సచ్చిపోయినాయన ఆ గుంటలోకి దిగాడంటరా?" అంది పిన్ని.

"లేదు పిన్నీ. చానా చదివాడంట, అందుకని."

"దిగనోడికే పెట్టారే!" అని పుల్ల ఫెళ్ళున విరిచి పొయ్యిలో కుక్కింది.

మర్నాడు బడి ఎగ్గొట్టి, క్యారేజీ పట్టుకుని ఆమె వెంట వెళ్ళాను. క్వారీ మొదట్లో మేస్త్రీ మస్టరు పుస్తకంతో నిలబడేవాడు. ఏ గుంటలో పనో ఎవరికి వారు చెబితే రాసుకుని లోపలికి పంపేవాడు.

"నీది ఏ గుంట?"

"నాగులు గుంట."

కూలీలంతా బిగుసుకుపోయారు. మొగుడి పేరు నోటితో అనకూడదని, కాపురమంతా 'మీ బాబాయి' అని తప్ప అనని మనిషి మా పిన్ని.

"అట్టాంటి గుంట లేదు. బోర్డు చూడు."

"నాకు చదువు రాదు. గుంట తెలుసు."

"అయితే ఇంటికి పో. ఇయ్యాల నీకు పని లేదు."

ఆమె కదల్లేదు. వెనకున్న పక్కింటి అత్త ముందుకు తోసుకొచ్చింది. "నాదీ నాగులు గుంటే. ఏందట్టా చూస్తావ్, రాసుకో!" ఆ వెనకామె అదే అంది. ఆ వెనకామె కూడా. బయట రాయి కోసం వచ్చిన లారీ హారన్ కొడుతోంది. మేస్త్రీ బూతులు తిడుతూనే అందర్నీ లోపలికి వదిలాడు. పుస్తకంలో ఏం రాసుకున్నాడో మాకు తెలియదు.

నేను దేన్నయినా ఎగతాళి చేయగలను. దీని దగ్గర మాత్రం ఈ వయసులో కూడా జోకు రాదు, ఒళ్ళు మండుతుంది. ఎవరైనా ఆ మనవడి పేరు చెప్పి గుంటకి దారి అడిగితే తెలియదంటాను. నాగులు గుంట ఎక్కడని అడిగితే, చేతిలో పని వదిలేసి అంచుదాకా తీసుకెళ్ళి చూపిస్తాను.