ఓడ దిగాక రెండు రోజులు

అమ్మను ఓడ ఎక్కించింది నేనే. మా స్కూల్లో టీచర్లు నలుగురు విశాఖ నుంచి చెన్నైకి క్రూజ్ ఓడలో వెళ్తున్నారంటే నాకూ ఆశ పుట్టింది. అమ్మ ఒప్పుకోదనే అనుకున్నాను. సముద్రం మీద ఆవిడకున్న కోపం మా వీధి మొత్తానికీ తెలుసు. పదకొండేళ్ల క్రితం మా నాన్న చెన్నై బోట్ల మీద వేటకు వెళ్లి, ఒక తుపానులో తిరిగి రాలేదు. బోటు చెక్కలు దొరికాయి, నాన్న దొరకలేదు.

శవం రాలేదు కనుక అమ్మ బొట్టు తీయలేదు. శ్రీకూర్మం తీసుకెళ్లి పిండం పెట్టించెయ్యమని చుట్టాలు ఏడాదిపాటు పోరారు. "బతికున్నోడికి పిండమేటి? మీకు బుద్దుందా?" అని చీపురు తీసింది. ఎదురు చెప్పే దమ్ము ఎవరికీ లేకపోయింది. నాకు అసలే లేదు.

అలాంటి మనిషి, ఓడ అనగానే "ఎల్దాం" అంది! ఒక్కటే షరతు పెట్టింది.

"దిగినాక ఎంటనే రైలెక్కీద్దామంటే నాను రాను. రెండ్రోజులుండాల."

"ఎందుకమ్మా?"

"ఓలమ్మా, అంత దూరమెల్లి ఊరు సూడకుండా వచ్చీమంటావేటి?"

నేను ఎగిరి గంతేశాను. మిగతా టీచర్లంతా దిగిన రోజే తిరుగు రైలెక్కుతారు, మాకు మాత్రం లాడ్జిలో రెండు రోజులు. పట్టుచీరల కొట్లు, బీచి, గుళ్లు అంటూ కాగితం మీద వరసగా రాసుకున్నాను కూడా. నా అంత తెలివితక్కువది ఇంకొకతె ఉండదు.

ఓడలో ఉన్నన్నాళ్లూ అమ్మ రెయిలింగు పట్టుకుని నిలబడింది. లోపల పాటలు, డాన్సులు, తిన్నవాళ్లకు తిన్నంత. నేను ప్లేటులో అన్నం పట్టుకెళ్లి ఇస్తే నీళ్లవంక చూస్తూనే తినేది. ఏం చూస్తున్నావని అడిగితే "నీల్లు" అంది.

చెన్నైలో మొదటి పొద్దున నేను లేచేసరికి చీర కట్టుకుని మంచమ్మీద సిద్ధంగా కూర్చుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాన్న ఫొటో.

"సేపల రేవు ఎక్కడో ఆటోవోన్ని అడుగు. మనోల్లు శానామంది ఉన్నారట అక్కడ."

నాకు ఒళ్లు మండిపోయింది. "దీనికా రెండు రోజులు? పదకొండేళ్లయిందమ్మా!" అని అరిచాను.

"అరవకు. ఆటో పిలు."

రేవులో ఏ బోటు పక్కన నిలబడ్డా మన శ్రీకాకుళం మాటే వినిపించింది. అమ్మ ఒక్కొక్కర్నీ ఆపి ఫొటో చూపించింది. "ఎరగమమ్మా" అన్నారు. కొందరు జాలిగా టీ ఇప్పించారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం లాడ్జిలో ఆవిడ కాళ్లు నొక్కుతూ, రేపటితో ఈ గోల తీరిపోతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నానికి అమ్మ అలిసిపోయి, ఫొటో నా చేతికిచ్చి మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది. పక్కనే ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. ఊరికే ఆయనకు చూపించాను. ఆయన చేతులు ఆగిపోయాయి.

"నీకేటవుతాడమ్మా?"

"మా నాన్న."

ఆయన వలను చూస్తూనే చెప్పాడు. "ఇతగాన్ని నానెరుగుదును. ఆ తుపాన్లో మా బోటు పక్కకే వచ్చినాడు. డబ్బా పట్టుకుని తేలతన్నాడు. నాను ఒంగి సెయ్యి పట్టుకున్నాను. ఇంకో కెరటం కొట్టింది. నానే వదిలీసినానమ్మా. పట్టుకునుంటే నానూ పోదును. నా కల్ల ముందే మునిగిపోనాడు."

"ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"గుమ్మం కాడికొచ్చి ఏటని సెప్పను? సెయ్యి వదిలీసినానని సెప్పనా?"

ఆయన్ని చెడామడా తిట్టేద్దామనుకున్నాను. అంతలో అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. నుదుటి బొట్టు కాస్త చెదిరితే వేలితో సరిచేసుకుంటోంది.

"ఏటన్నాడే?"

నిజం చెబితే, ఆ క్షణాన నా తల్లి బొట్టు చెరిపేది నేనే. నా చేతుల్తో ఆ గాజులు తీయించాలి. ఈ పని నావల్ల కాదు దేవుడా అనుకున్నాను.

"ఎరగనన్నాడమ్మా."

"పోనీలే," అంది. "ఇక్కడ నేకపోతే ఇంకో రేవులో ఉన్నాడేమో."

ఇంటికొచ్చాక ఆ చెయ్యి నన్ను వదల్లేదు. బోర్డు మీద లెక్క రాస్తుంటే నీళ్లలోంచి పైకి లేచిన నాన్న చెయ్యి కనబడుతుంది. అన్నం కలుపుతుంటే కనబడుతుంది. చుట్టాలు మళ్లీ శ్రీకూర్మం ఊసెత్తితే అమ్మ ఇప్పుడు చీపురు తియ్యడం లేదు, "మా గుంట కూడా అడిగింది, అక్కడెవులూ సచ్చిపోనాడనలేదు" అని నన్ను సాక్ష్యానికి పిలుస్తోంది. నేను తలూపుతాను. పిండం లేక, నీళ్లు లేక మా నాన్న ఎక్కడ తిరుగుతున్నాడో నాకు తెలీదు. ఆయన్ని అలా తిప్పుతున్నది నేనే అన్నది మాత్రం తెలుసు.

మొన్న టీవీలో మళ్లీ ఓడలు మొదలవుతున్నాయని చూసి అమ్మే కదిపింది.

"ఈసారి దిగినాక నాలుగ్రోజులుండిపోదుమే."

"మళ్లీ ఎందుకమ్మా? అందర్నీ అడిగేశాంగా."

"ఆ వలకాడ ముసిలోడున్నాడు సూడు, అతగాడు నా మొకమేపు సూడనేదు. నువ్వు సరిగ్గా అడిగుండవు. ఈసారి నానడుగుతాను."

వద్దంటే ఎందుకో చెప్పాలి. ఇద్దరికీ టికెట్లు తీశాను.