టైలరమ్మ కత్తెర

కుట్టులో ఎక్కడ చిన్న ముడి ఉబ్బెత్తుగా కనబడినా టైలరమ్మ కత్తెర ఊరుకోదు. డాబా మీద ఆమె పెంచిన సొరపాదు పందిరంతా పాకి విరగబూసింది గానీ, కాయన్నదే లేదు. ఆ సాయంత్రం పక్క డాబా మీద కనబడ్డ ప్లంబర్‌ని గోడ దగ్గరికి పిలిచింది.

"బాబాయ్, మీ పాదు నిండా కాయలే! నా దానికేమొచ్చింది?"

"మొన్న నువ్వు కొవ్వొత్తి రుద్దమన్నావుగా, రుద్దాక నా పనిముట్ల సంచి జిప్పు వెన్నలా జారుతోంది. మరి నీ పని చూడకపోతే ఎలా?" అంటూ ఆయన గోడ మీంచి వంగి చూశాడు. "ఇవన్నీ మగపూలే అమ్మాయ్! వెనక చిన్న బుడిపె ఉన్న పూలు రాలేదా?"

"రాకేం! పురుగు పట్టి ఉబ్బాయనుకుని ఎప్పటికప్పుడు కత్తిరించేశాను."

ప్లంబర్ నెత్తి కొట్టుకున్నాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ బుడిపెలే కాయలు!"

టైలరమ్మ పందిరి కిందికి పరుగెత్తింది. ఆకులన్నీ ఎత్తి ఎత్తి చూసి కేక పెట్టింది. "బాబాయ్, ఒకటుంది! నా కంటపడకుండా దాక్కుంది!"

"మగపువ్వు తెంపి, దాని పుప్పొడి ఈ పువ్వుకి అద్దు. మెల్లిగా!"

ఖరీదైన పట్టుగుడ్డ కోసేటప్పటికన్నా జాగ్రత్తగా మగపువ్వు తెంపి పుప్పొడి అద్దేసింది. ఆ వెంటనే నడుముకి దోపుకున్న కత్తెర తీసి, గోడ మీంచి ఆయన చేతిలో పెట్టేసింది.

"కాయ ఎదిగేదాకా ఇది మీ దగ్గరే ఉంచండి బాబాయ్. దీన్నీ నన్నూ ఒకచోట ఉంచితే కొంప మునుగుతుంది!"